ప్రసంగం మధ్యలో బావ లేచి వెళ్ళుటను గూర్చి

గాజువాక,
1 ఫిబ్రవరి 2026, ఆదివారం

మహా గౌరవనీయురాలైన ఫ్లోరా అక్కకు,

ఈ ఉత్తరం రాయబోతున్నందుకు ముందుగా నిన్నూ, బావనూ, మన సంఘ పెద్దలనూ, నాకు అక్షరాలు దిద్దించిన పంతులమ్మనూ, చివరికి ఈ కాగితం కోసం ప్రాణమిచ్చిన చెట్టునూ క్షమాపణ వేడుకుంటున్నాను. సొంత బావ వెనక గూఢచారిలా తిరగడమంత నీచమైన పని మరొకటి లేదని నాకు తెలుసు. అంత నీచమైన పని ఇంత సరదాగా ఉంటుందని మాత్రం తెలియదు. అందుకు విడిగా క్షమించు.

మొన్న సెలవులకు వచ్చి తిరిగి వెళ్తూ, ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు కిటికీలోంచి నువ్వన్న మాట గుర్తుంది కదా. "మీ బావని ఓ కంట కనిపెట్టరా. నాకేటో తేడాగా ఉన్నాది." మీ ఆశ్రమ పాఠశాలలో సిగ్నల్ ఉండదు, గుట్టెక్కి అరిస్తే పిల్లలంతా వింటారు, కనుక ఉత్తరమే రాయమన్నావు. బీటెక్ చదివి, ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లో రీజనింగ్ చెప్పుకుంటున్న నాకు ఇన్నాళ్ళకు చదువుకు తగ్గ పని దొరికింది.

ముందు చర్చి సంగతి. ఈ రోజు పాస్టరు అయ్యగారు యోసేపు, అతని మీద కన్నేసిన పోతీఫరు భార్య కథ ఎత్తుకున్నారు. 'యోసేపు తన వస్త్రమును ఆమె చేతిలో విడిచిపెట్టి, తప్పించుకొని బయటికి పారిపోయెను' అన్నారో లేదో, వెనక బెంచీలోంచి బావ లేచి నిజంగానే బయటికి పారిపోయాడు. పై వస్త్రం ఒక్కటి వదలలేదు గాని తక్కినదంతా వాక్య ప్రకారమే జరిగింది. కిందటి ఆదివారం దావీదు, పొరుగువాడి భార్య బత్షెబ. అప్పుడూ లేచాడు. అంతకు ముందు జీతంలో దశమభాగం చర్చికివ్వాలని చెప్పినప్పుడు కూడా లేచాడు గాని, ఆ రోజు అందరికీ లేవాలనే ఉంది కనుక దాన్ని వదిలేస్తున్నాను.

సంఘ కార్యదర్శి గురునాథరావు గారు కళ్ళజోడు పైకి నెట్టి అమ్మతో అన్నమాట: "వాక్యం గుచ్చుకుంటే అలాగే ఉంటాదమ్మా కృపావతీ. లోపలేటో ఉన్నోడే బయటికెల్తాడు." అమ్మ ముఖం ఎండు చేపలా అయిపోయింది.

రెండోది, నీళ్ళు. పోర్టులో అంతెత్తు క్రేన్ మీద కూర్చుని ఓడ కడుపులోంచి బొగ్గు తోడే మనిషి, అమ్మ పోసిన గ్లాసుడు నీళ్ళకు జడుస్తున్నాడు. "తాగు బాబూ" అంటే "డూటీకెల్లాలి అత్తా" అంటాడు. డ్యూటీకీ దాహానికీ సంబంధం నా రీజనింగ్‌కు అందలేదు.

మూడోది రాయకూడనిది, అయినా రాస్తాను. గురువారం డ్యూటీ అని చెప్పి వెళ్ళిన బావ బండి మా కోచింగ్ సెంటర్ వీధిలో కనబడింది. క్రేన్ మాత్రం ఎక్కడా కనబడలేదు.

సత్యాన్వేషణలో నీ తమ్ముడు,
జాక్సన్


ముంచంగిపుట్టు మార్గం,
6 ఫిబ్రవరి 2026

జాక్సన్,

చెట్టుకు కూడా క్షమాపణ చెప్పావు. అక్కకు మాత్రం నవ్వు రావడం లేదని గమనించు.

ఇక్కడ చలి ఇంకా పోలేదు. ఆరో తరగతి ఆడపిల్లలు పొద్దున్నే నా గది ముందు ఎండ కాచుకుంటూ, నా ఉంగరం చూసి, "మీ ఆయన ఎప్పుడొస్తారు టీచర్?" అని అడుగుతారు. ఆయన వస్తారని వంటమనిషి దగ్గర రెండో మంచం అడిగి తెచ్చి వేశాను. దాని మీద ఇప్పుడు పరీక్ష పేపర్లు పడుకుంటున్నాయి.

నీకు చెప్పని విషయం ఒకటి ఉంది. అక్టోబరులో నేను ఉద్యోగంలో చేరడానికి వచ్చినప్పుడు మీ బావ కూడా బయల్దేరారు కదా. అందరికీ ఆయన నన్ను దిగబెట్టి వచ్చారనే చెప్పాను. అబద్ధం. ఘాట్ రోడ్డు మీద రెండుసార్లు బస్సు ఆపించి దిగారు, ఫోన్ మాట్లాడాలని. మూడోసారి ఆపమంటే కండక్టరు, "ఏటి బాబూ, ఇది బస్సనుకున్నావా, నీ సొంత కారనుకున్నావా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. అరకు రాగానే, ఎవరి ఫోనూ మోగకుండానే, "డ్యూటీకి పిలిచారు, నువ్వెళ్ళు" అని బ్యాగు కడుపుకు అదుముకుని దిగిపోయారు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. డీఎస్సీ కోసం నాతో పాటు మేలుకుని నన్ను చదివించిన మనిషి, నేను చేరే రోజున పక్కన లేరు.

ఎండాకాలం నుంచీ ఆయన నాకు దూరంగానే ఉంటున్నారు. తమ్ముడికి ఇంతకన్నా రాయలేను.

ఇంకొకటి. డ్యూటీ బ్యాగులో వెడల్పు మూతి సీసా ఒకటి ఉంటుంది, పాత బనీనులో చుట్టి. ముట్టుకోబోతే లాక్కున్నారు. తాగుడు మొదలుపెట్టారేమో చూడు. ఆ వీధిలో ఏముందో కూడా చూడు. జోకులు తగ్గించి రాయి.

అక్క


గాజువాక,
15 ఫిబ్రవరి 2026

జోకులు తగ్గించమన్న అక్కకు,

తగ్గించాను. ఎంత తగ్గాయో నువ్వే చెప్పాలి.

సీసా వాసన చూశాను. డెట్టాల్. డెట్టాల్ తాగే తాగుబోతు మన విశాఖపట్నంలో ఇంతవరకూ పుట్టలేదు. సాక్ష్యం చెరపడానికే అంత శుభ్రంగా కడిగాడని నా అనుమానం.

గురువారం క్లాసు వేరేవాళ్ళకు అప్పగించి బావ వెనకాలే వెళ్ళాను. కింద సెల్‌ఫోన్ల కొట్టు, పైన ఇంగ్లీషు నేర్పే సెంటరు, దాని పైకి బావ ఎక్కాడు. ఆ అంతస్తు బోర్డు మీద ఎవరో పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ కట్టేశారు. పిల్లిలా నేనూ ఎక్కాను. తలుపు మూసి ఉంది. 'చెప్పులు బయట విడువుము' అని తప్ప ఇంకేమీ రాసి లేదు. బయట బావ చెప్పులు. వాటి పక్కన ఒక జత ఆడవాళ్ళ చెప్పులు. అంతే అక్కా. మూడో జత లేదు.

లోపల్నుంచి ఆడగొంతు వినబడింది: "భయపడకండి శుభాకర్ గారూ, మెల్లగా అలవాటవుతుంది." నేను మెట్లు దిగేశాను. కింద వాచ్‌మన్ను అడిగితే, "నీలిమ మేడమ్ గారి దగ్గరికా? గురువారం గురువారం వత్తారు బాబూ, మంచి మనిషి" అన్నాడు. ఎవరు మంచి మనిషో అడిగే ధైర్యం లేకపోయింది. ఎదురుగా బండి దగ్గర పునుగులు తింటూ నిలబడ్డాను. బావ దిగివచ్చినప్పుడు ముఖం ఎంత తేటగా ఉందంటే, ఈ మధ్య మన ఇంట్లో ఆ ముఖం నేను చూడలేదు.

నిన్న రెండో శనివారం నీ దగ్గరికి వస్తానన్నాడు కదా. వచ్చేవాడే. నీకిష్టమని జీడిపాకం, అమ్మ చేసిన మాగాయ, అన్నీ సర్దాడు. బూట్లు వేసుకుని గేటు దాకా వెళ్ళి, అక్కడే చాలాసేపు నిలబడి, తిరిగొచ్చి బూట్లు విప్పేశాడు.

"ఏటి బావా, ఎల్లవా?" అన్నాను.

"బస్సు పడదురా నాకు."

సముద్రం గాలికి ఊగే క్రేన్ పడుతుందట, బస్సు పడదట!

బుధవారం నుంచి ఈస్టరు ముందు లెంటు ఉపవాస కూడికలు మొదలు. అమ్మ అప్పుడే ఉపవాసానికి దిగింది. ఎవరి కోసమో చెప్పదు గాని, ప్రార్థనలో "ఆ చెడు స్నేహాన్ని తెంపు తండ్రీ" అని పక్కనున్న బావ పోర్షన్ వైపు తిరిగి గట్టిగా అంటోంది.

బాధతో (ఈసారి నిజంగానే),
జాక్సన్


21 ఫిబ్రవరి 2026

జాక్సన్,

ఉత్తరం అందిన సాయంత్రమే గుట్టెక్కాను. "నీలిమ ఎవరు?" అని అడిగాను. మీ బావ, "నీకెవరు చెప్పారు?" అన్నారు.

చూశావా? "ఏ నీలిమ?" అనలేదు. "నీకెవరు చెప్పారు?" అన్నారు. ఆ మాట తర్వాత ఇంకేం వినాలి? నేనే ఫోన్ పెట్టేశాను.

రెండో మంచం తిరిగి ఇచ్చేశాను. మా హెచ్ఎం గారు హాస్టల్ వార్డెన్ బాధ్యత తీసుకోమని అడుగుతున్నారు. తీసుకుంటే సెలవులకు కూడా కిందికి రానక్కర్లేదు. ఇన్నాళ్ళూ ఇంటి కోసం వద్దన్నాను. ఈ నెలాఖరుకు ఒప్పుకుంటాను. నా చీరలు, స్వెట్టరు, మంచం కింద పెట్టెలో ఉన్న పుస్తకాలు సర్ది బస్సుకు వెయ్యి. పెళ్ళి ఫొటో వద్దు.

అమ్మకు చెప్పకు. నేనే చెబుతాను.

ఫ్లోరా


హాస్పిటల్ వరండా,
27 ఫిబ్రవరి 2026

అక్కా,

బట్టలు సర్దలేదు. వార్డెన్ సంతకం పెట్టకు. ముందు ఇది పూర్తిగా చదువు.

నిన్న మధ్యాహ్నం జమీర్ ఫోన్ చేశాడు. బావతో పాటు క్రేన్ నడిపే జమీర్, పాతపట్నం వాళ్ళబ్బాయి, మీ పెళ్ళిలో ఐస్‌క్రీమ్ అంతా తినేసినవాడు. "జాక్సన్ భాయ్, మీ బావ క్రేన్ దిగినాడు గానీ నిలబడలేకపోతన్నాడు. పొద్దుటినించి నీరు బంద్ అయిపోనాది. జల్దీ రా" అన్నాడు. నేను వెళ్ళేసరికి బావ ఆటోలో ముడుచుకుని ఉన్నాడు. పొత్తికడుపు రాయిలా ఉబ్బిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. క్రేన్ మీద అరిచే ఆ గొంతులోంచి చిన్న పిల్లాడి మూలుగు వస్తోంది.

ఇక్కడ డాక్టరు మూత్రం గొట్టం వేశాక సంచీ నిండింది. బావ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నొప్పికి కాదు, నొప్పి పోయినందుకు.

బావకు ప్రోస్టేట్ వాచింది. బ్లాడర్ కూడా పట్టుతప్పింది. కిందటి ఎండాకాలం నుంచీ ఉందట. మంట, మాటిమాటికీ వెళ్ళాల్సి రావడం, వెళ్తే రాకపోవడం, కూర్చుంటే నొప్పి. చర్చి బెంచీ మీద అందుకే కూర్చోలేడు. ప్రసంగం ఏదైనా ఒకటే, యోసేపైనా యోనా అయినా లేవాల్సిందే. మందులు కొన్నాళ్ళు వాడి, తగ్గగానే మానేశాడట. ఆ జబ్బే ముదిరి నిన్న జ్వరంతో నీరు కట్టేసింది. "ఇంకా ఆలస్యమైతే కిడ్నీల దాకా పోయేది" అన్నారు డాక్టరు.

ఆ సీసా సంగతి జమీర్ చెప్పాడు. క్రేన్ మీద అందరి బ్యాగుల్లోనూ ఉంటుందట. ఓడ ఖాళీ చేస్తుండగా ఆపరేటరు నిచ్చెన దిగితే కింద లారీలన్నీ ఆగిపోతాయి, ఫోర్‌మన్ బూతులు తిడతాడు. కనుక నీళ్ళు తాగరు, వచ్చినా బిగబట్టుకుంటారు, తప్పనప్పుడు సీసా. బావకు అలా బిగబట్టీ బిగబట్టీ లోపలి కండరాలు వదలడం మర్చిపోయాయట. వాటికి వదలడం నేర్పే ఫిజియోథెరపిస్టు పేరు నీలిమ. ఆవిడకు అరవై ఏళ్ళుంటాయి, పొద్దున చూడటానికి వచ్చి నన్ను కూడా నిటారుగా కూర్చోమని తిట్టారు.

బావ నా చేత ఒట్టేయించుకున్నాడు. బైబిలు అందుబాటులో లేక సెలైన్ స్టాండు మీద వేశాను. "మీ అక్కకి సెప్పకురా. తెలిస్తే ఉజ్జోగం వదిలేసి దిగిపోద్ది. దాని కోసం ఎంత సదివిందో నాకు తెల్దేటి?" అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి, "ముసిలోల్ల రోగం నాకొచ్చినాదని దానికి ఎలాగ సెప్పమంటావు?" అన్నాడు.

స్టాండు మీద వేసిన ఒట్టు నేను తప్పాను.

జాక్సన్


5 మార్చి 2026

జాక్సన్,

కథ బాగుంది. ముఖ్యంగా అరవై ఏళ్ళ నీలిమ బాగుంది.

కాలేజీలో నీ సెలవు చీటీల్లో మన నానమ్మ ఎన్నిసార్లు చనిపోయిందో నాకు తెలుసు. అప్పుడు సాక్షి సంతకం పెట్టింది నేనే. నీ కథల్లో ఎప్పుడూ చివర ఒక ఏడుపు ఉంటుంది, అది చదివి ఎదుటివాళ్ళు లోబడిపోతారు. ఈసారి లోబడను.

ప్రోస్టేట్ మన తాతయ్యకు వచ్చింది, డెబ్బై దాటాక. ముప్పై రెండేళ్ళ మనిషికి, తెల్లారగట్ల లేచి బీచ్‌రోడ్డు మీద పరుగెత్తే మనిషికి వస్తుందా? వస్తే పెళ్ళానికి చెప్పుకోరా? నేను డాక్టరును కాకపోవచ్చు, తెలివితక్కువదాన్ని కాదు. మొదటి ఉత్తరంలో నాతో ఉన్నావు. ఇప్పుడు ఆయనతో ఉన్నావు. మధ్యలో ఏం తినిపించారు? బిర్యానీయా?

వార్డెన్ కాగితం మీద ఇంకా సంతకం పెట్టలేదు. పెట్టకపోవడానికి కారణం నీ ఉత్తరం కాదు, పెన్నులో ఇంకు అయిపోయింది.

ఫ్లోరా


10 మార్చి 2026

అక్కా,

నువ్వు నన్ను నమ్మకపోవడం న్యాయమే. నేనైనా నన్ను నమ్మను. నానమ్మ ఆత్మకు శాంతి కలుగుగాక, ఇంకా కలిగి ఉండకపోతే.

అందుకే నా మాట వదిలెయ్యి. బావ ఇంటికొచ్చాడు, గొట్టం తీసేశారు, ఇంకా కొన్ని వారాలు మందులు. నువ్వు ఫోన్ పెట్టేసిన రోజు నుంచీ నీ పేరు ఎత్తడు. నిన్న జావ పోస్తుంటే మాత్రం, "అరకు కాణ్ణించీ మీ అక్క మొహం సూడ్డానికి నాకు సెల్లట్నేదురా" అన్నాడు. అరకులో ఏమైందని అడిగాను. జావ గ్లాసు పక్కన పెట్టి దుప్పటి కప్పుకున్నాడు.

ఆ సంగతి నాకు తెలియదు. తెలిసుంటే ఈపాటికి అలంకారాలు చేర్చి రాసేవాణ్ణి. నువ్వే అడుగు.

జాక్సన్


16 మార్చి 2026

ఒరే జాక్సన్,

శనివారం గుట్టెక్కాను. గాలి ఎక్కువగా ఉంది, చెవికి కొంగు చుట్టుకుని మాట్లాడాను. నీలిమ గురించి అడగలేదు. జబ్బు గురించీ అడగలేదు. "అరకులో బస్సు ఎందుకు దిగిపోయారు?" అని అడిగాను.

ఈసారి నేను ఫోన్ పెట్టెయ్యలేదు. నా దగ్గర ఉన్నది అదొక్కటే, పెట్టెయ్యకుండా ఉండటం.

చివరికి అన్నారు: "ఆగలేదు ఫ్లోరా. కండక్టరు ఆపలేదు కదా. అరకు వచ్చేలోపే ప్యాంటు తడిసిపోయినాది."

బ్యాగు ఎందుకు కడుపుకు అదుముకున్నారో నాకప్పుడు తెలిసింది. ఆయన ఆ తడి బట్టతో బస్టాండు వెనక పంపు దగ్గర నిలబడి, ఎవరూ చూడకుండా కడుక్కుని, ఆరేదాకా అక్కడే ఉన్నారట. నేను అదే సమయానికి ముందుకు పోతున్న బస్సులో కూర్చుని, ఎవరి దగ్గరికి పోయారో అని లెక్కలు వేస్తున్నాను. కండక్టరు మాటకు బస్సంతా నవ్వింది అని రాశాను కదా. నేనూ నవ్వాను. అది రాయలేదు.

రోజూ క్లాసులో పిల్లలకు చెబుతాను, ఆపుకోకండి, సిగ్గుపడకండి, చెయ్యెత్తి వెళ్ళండి అని. ఇంట్లో మనిషి మాత్రం నా దగ్గర చెయ్యెత్తలేకపోయారు.

ఆయన ఫోన్లో ఏడ్చారు. నేను తిట్టాను. పెళ్ళయ్యాక ఇంత బాగా ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఉగాదికి, రంజానుకి సెలవులు కలిశాయి, వస్తున్నాను. వార్డెన్ పని వద్దన్నాను. ఉద్యోగం మాత్రం వదలను, ఆ మాట ఆయనకు ముందే చెప్పు. నేను వచ్చేలోపు టీ, పచ్చిమిరపకాయలు ఆయన కంట పడనివ్వకు. నీళ్ళు కొంచెం కొంచెంగా రోజంతా తాగించు.

ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా అమ్మకు. అమ్మకు చెబితే ప్రార్థన విన్నపం అయిపోతుంది, చర్చంతా మీ బావ బ్లాడర్ కోసం చేతులెత్తుతుంది.

అక్క


గాజువాక,
26 మార్చి 2026

సంరక్షణ శాఖాధికారిణి అక్కకు,

నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచి నీ ఆజ్ఞలన్నీ అమలవుతున్నాయి. గాజువాక మార్కెట్లో నువ్వు కొన్న నీలం టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసి బావను కూర్చోబెడుతున్నాను. బొగ్గు ఓడలను వణికించిన మనిషి, మోకాళ్ళు గడ్డానికి ఆనించి, బారసాల పిల్లాడిలా కూర్చుంటాడు. నవ్వితే చెంబు విసురుతాడు. అందుకే తలుపు బయట నవ్వుతున్నాను.

అమ్మకు అనుమానం వచ్చింది. టబ్బెందుకని అడిగితే నడుం నొప్పి అన్నాను. "వేడి సేసుంటాది, సబ్జా తాగించు" అంది. అమ్మ దృష్టిలో క్షయ, అప్పు, ఫెయిలవడం, అన్నీ వేడి చేసే వస్తాయి. కూర చప్పగా ఎందుకంటే నేను ఉపవాస దీక్షలో ఉన్నానన్నాను. ఇప్పుడు నిజంగానే నాకూ కారం బంద్. నీ భర్త కోసం నేను పడుతున్న శ్రమలు ఈ లెంటు కాలానికి సరిపోతాయి.

బావ మళ్ళీ డ్యూటీకి వెళ్తున్నాడు. నువ్వు చెప్పమన్నట్టే ఫోర్‌మన్ దగ్గరికెళ్ళి, మధ్యలో దిగడానికి రిలీవర్ కావాలని అడిగాడట. ఫోర్‌మన్, "ఏటి, కుర్రోడివి, ఆపుకోలేవా?" అన్నాడట. వెనకనుంచి జమీర్, "నానూ ఆపుకోలేను సార్, నన్ను కూడా రాసుకోండి" అన్నాడట. తర్వాత ఇంకొకరు. ఇప్పటికైతే రిలీవర్ను ఇచ్చారు. ఎన్నాళ్ళు ఉంచుతారో చూడాలి.

అసలు చిక్కు వేరే ఉంది. గుడ్ ఫ్రైడే వస్తోంది. సిలువ మీద ఏడు మాటలు, ఏడుగురు మాట్లాడాలి, ఆరాధన మధ్యాహ్నమంతా సాగుతుంది. అయిదో మాట 'దప్పిగొనుచున్నాను' ఏటా బావదే. ఈసారి గురునాథరావు గారు అయ్యగారితో, "ప్రసంగం కాసేపు కూసుని వినలేనోడు సిలువ మాట ఎలా సెప్తాడండీ? ముందు బతుకు సరిసేసుకోవాల" అన్నారట. అయ్యగారు ఒప్పుకోలేదు, బావ పేరే ఉంచారు. బావ మానేస్తానంటున్నాడు. "మధ్యలో లేస్తే మల్లీ అందరూ సూత్తారు" అంటున్నాడు. నువ్వు ఒక మాట రాయి.

కారం లేని తమ్ముడు,
జాక్సన్


6 ఏప్రిల్ 2026

జాక్సన్,

ఈస్టరుకు హాస్టల్లో డ్యూటీ పడి రాలేకపోయాను. మీ బావకు "మాట్లాడండి, లేవాలనిపిస్తే లేవండి" అని రాశాను. అది అందిందో లేదో తెలియదు.

నిన్న గుట్టెక్కి అమ్మకు ఫోన్ చేశాను. వినబడింది ఇంతే: "ఓలమ్మో ఫ్లోరా, ఏటి సెప్పమంటావే! రెండో మాటలో మీ ఆయన లేచి పోనాడు, ఎనకాలే మన జాక్సన్ పోనాడు, ఆడి ఎనకాల సెక్రటరీ గారూ పోనారు! ఆరాధన ఆగిపోనాది! మూత్రం జబ్బని అందరికీ తెలిసిపోనాది, నాకే ఆకరికి తెలిసినాది..." అని, సిగ్నల్ పోయింది. మళ్ళీ రాలేదు.

చెప్పకు అన్నాను కదరా. ఎవరికి చెప్పావు? గురునాథరావు గారితో గొడవ పెట్టుకున్నావా? గుడ్ ఫ్రైడే రోజున కూడా జోకులు వేశావా? ఆయన మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకుంటే నేను నిన్ను క్షమించను.

ఏం చేశావో రాయి. ఒక్క అలంకారం లేకుండా.

ఫ్లోరా


గాజువాక,
10 ఏప్రిల్ 2026

అక్కా,

నీ ఉత్తరం బావకు అందింది. చొక్కా జేబులో పెట్టుకుని చర్చికి వచ్చాడు.

నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, అయ్యగారికి చెప్పలేదు. గురునాథరావు గారితో గొడవ పడలేదు. జోకు వెయ్యలేదు, చుట్టూ సందర్భాలు మాత్రం చాలా ఉన్నాయి. జరిగింది ఇది.

రెండో మాట సగంలో బావ చెయ్యి ముందు బెంచీ పట్టుకుంది. అది ఎందుకో నాకిప్పుడు తెలుసు కదా. కాసేపు ఓర్చుకున్నాడు, లేచాడు. చర్చంతా తలలు తిప్పింది. బావ తల వంచుకుని బయటికి నడిచాడు, వెనకాల నేను.

చర్చి వెనక మగవాళ్ళ గది తెలుసుగా, పొట్టి గోడ, పైన రేకు. ఇద్దరం గోడకు ఎదురుగా ఉన్నాం. బావకు వెంటనే రాదు, కాసేపు పడుతుంది. నీలిమ గారు చెప్పినట్టు బిగబట్టకుండా, మెల్లగా ఊపిరి వదులుతున్నాడు. అప్పుడు కర్ర టకటకమంటూ గురునాథరావు గారు వచ్చారు.

"ఏట్రా ఇది? రచ్చకుడు సిలువ మీద ఏలాడతంటే మీకిద్దరికీ ఇక్కడేటి పని?" అన్నారు.

బావ తల తిప్పకుండానే, "మూత్రం పోసుకుంతన్నాను బాబాయ్. జబ్బు నాకు. ఏడాది బట్టీ. అందుకే లేత్తన్నాను" అన్నాడు. గొంతులో కోపం లేదు. మామూలుగా, క్రేన్ మీద నుంచి లారీ వెనక్కి తీయమని చెప్పినట్టు చెప్పాడు.

గురునాథరావు గారు కర్రను గోడకు ఆనించారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"జరుగు" అన్నారు నాతో. "మొదటి మాట కాణ్ణించీ నాకూ ఆగట్నేదు. పెద్దోన్ని, సెక్రటరీని, ఎలా లేత్తాను సెప్పు?"

బావ నవ్వాడు అక్కా. నవ్వినప్పుడు వదిలింది. ఇద్దరికీ వదిలింది. ఇంతకన్నా వివరం నీకక్కర్లేదు.

మేం తిరిగొచ్చేసరికి అయ్యగారు ఆరాధన ఆపేసి పాట పాడిస్తున్నారు. సెక్రటరీ గారే వెళ్ళడం చూసి, వెనక పోట్లాట జరుగుతోందనుకున్నారట. ఇంకో నలుగురైదుగురు ముసలాళ్ళు కూడా పోట్లాట ఆపడానికన్నట్టు బయటికొచ్చి, గోడ దగ్గర వరుసలో నిలబడ్డారు. ఒక్కడూ ఆపలేదు.

అయిదో మాటకు బావ లేచాడు. ఏటా ఎంతో రాసుకొస్తాడు, ఈసారి కాగితం లేదు. "దప్పిగా ఉందని ఆయన అడిగాడు. అంతమంది ముందు అడిగాడు. నాకు మూత్రం జబ్బు ఉంది. ఎవరినీ అడగలేక ఏడాదిగా నీళ్ళు మానేశాను, మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆవిడ తప్పుగా అనుకుంది, అనుకోదా మరి?" అన్నాడు. బల్ల మీద అయ్యగారి గ్లాసు ఉంది. అంతా ఉపవాసంలో ఉన్నారు. బావ ఆ గ్లాసెత్తి తాగి, పెట్టి, వచ్చి కూర్చున్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరికి చెప్పావని అడిగావు కదా. చెప్పింది ఆయనే.

గోడ వైపు తిరిగి పడుకోవడం లేదు. వచ్చే వారం బస్సెక్కి నీ దగ్గరికి వస్తానంటున్నాడు. ఘాట్ మీద ఎన్నిసార్లు ఆపమన్నా ఆపే డ్రైవర్ను జమీర్ మాట్లాడుతున్నాడు. రెండో మంచం మళ్ళీ అడిగి తెచ్చుకో.

ఇక నేనేం చేశానంటావా. చేసింది ఒక్కటే, అలంకారం లేకుండా ఒప్పుకుంటున్నాను. బావ లేచినప్పుడు నేనూ లేచాను. బెంచీ గట్టిగా చప్పుడయ్యేలా లేచాను, తలలు నా వైపు కూడా తిరగాలని. గోడ దగ్గర ఆయన పక్కన నిలబడ్డాను.

నాకు రాలేదు. వచ్చినట్టే నిలబడ్డాను.

జాక్సన్